కండెలతో తూచిన కూనలు

మొన్న మా మనవరాలు కాలేజీకని బయలుదేరి సగం దారిలోంచి తిరిగొచ్చింది. తల మీద ఉండాల్సిన హెల్మెట్ చేతిలో ఉంది. హెల్మెట్‌లో చున్నీ, చున్నీలో ఇంకా కళ్లు తెరవని రెండు పిల్లికూనలు. వనపర్తి బస్టాండు వెనక గోడవారన దొరికాయట. వస్తూ వస్తూ పశువుల దవాఖానలో చూపించి, ఒక పాలపొడి డబ్బా, సూది లేని సిరంజి తెచ్చుకుంది. వాళ్లమ్మ పిండి తూచుకునే చిన్న కాటాను వంటింట్లోంచి ఎత్తుకొచ్చి వరండాలో పెట్టింది. కూనలు బరువు బాగా తక్కువగా ఉన్నాయట, రోజూ తూచమన్నారట.

నేను ఆ పక్కనే కూర్చుని చింతపండు గింజ తీస్తున్నాను. నాకు పిల్లుల పొడ గిట్టదని ఇంట్లో అందరికీ తెలుసు. చూడనట్టే ఉందామనుకున్నాను. కానీ ఆ పిల్ల ఒక కూనను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, పసిబిడ్డకు ఉగ్గు పోసినట్టు సిరంజి నోట్లో పెట్టబోయేసరికి ఉండబట్టలేకపోయాను.

"ఏయ్, బోర్ల పండవెట్టు దాన్ని! ఎల్లెలకల వెడితే పాలు ఊపిరిల వడ్తయ్. ముందుగాల ఒళ్లు ఎచ్చగున్నదా సూడు. సల్లగున్న కూనకు పాలు దాపొద్దు, కడుపుల అరగవు."

మనవరాలు చేయి ఆపి నా వైపు చూసింది. "నీకెట్ల తెల్సు అమ్మమ్మా? నీకు పిల్లులంటెనే పడదు గద."

"పడనోళ్లకు తెల్వదా ఏంది?" అన్నాను. అంతకుమించి చెప్పలేదు. చెప్పాలంటే కొందరిని తిట్టాలి. వాళ్లలో ఒక్కరూ ఇప్పుడు లేరు. పోయినవాళ్లను తిట్టకూడదంటారు గానీ, ఆ మాట పుట్టించింది కూడా అట్లా తిట్టించుకోవలసినవాళ్లేనని నా అనుమానం.

నేను పుట్టింది గద్వాలలో, మగ్గాల వీధిలో. ఇప్పుడు అటు పోతే సెల్‌ఫోన్ దుకాణాలు, పత్తివిత్తనాల దుకాణాలు కనిపిస్తాయి. అప్పట్లో ఇంటికో మగ్గం. పొద్దు పొడవక ముందే వీధి పొడుగునా పడుగులు సాగదీసి గంజి పట్టించేవాళ్లు. పడుగంటే చీరకు నిలువునా పోయే పోగులు. గంజి పట్టని నూలు మగ్గం మీద పుటుక్కున తెగిపోతుంది. అందుకని మా వీధికి ఎప్పుడూ ఒక పుల్లటి వాసన ఉండేది. దాని మీద రంగు కాగుల వాసన, ఆ పైన జొన్నరొట్టెలు కాలే వాసన. బడిలో పంతులు తల ఎత్తకుండానే, వాసన పట్టి, "మగ్గపోళ్ల పిల్లలు వచ్చిండ్రు" అనేవాడు.

ఆ గంజి వాసనకు ఎలుకలు వచ్చేవి. ఒక్క రాత్రి పడుగు కొరికితే నెల పని గోవిందా. కాబట్టి మా వీధిలో పిల్లి లేని ఇల్లు లేదు. పిల్లి ఎదురైతే ఊళ్లో మిగతావాళ్లు వెనక్కి తిరిగి పోయేవాళ్లేమో గానీ, మా వాళ్లు "వచ్చినవా తల్లీ" అని పలకరించేవాళ్లు.

మా ఇంటి పిల్లి అవ్వది. అవ్వంటే మా నాయిన తల్లి. రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టడం ఆమె పని. మగ్గం మీద అడ్డపోగును అటూ ఇటూ నడిపే నాడెలో పెట్టడానికి నూలు చుట్టుకునే చిన్న వెదురు గొట్టాన్ని కండె అంటాం. అవ్వకు నశ్యం అలవాటు. ఆమె తుమ్మితే రాట్నం ఆగేది, పిల్లి ఉలిక్కిపడేది, వీధిలో పోతున్నవాళ్లు శకునం బాగాలేదని కాసేపు నిలబడేవాళ్లు.

మాది ఒక్క మనిషి నేసే చీర కాదు. ఒళ్లంతా నూలు, అంచులు పట్టు. రెండూ కలిసేచోట పోగుకు పోగు మెలిపడే కుట్టు పడాలంటే నాయిన ఒక పక్క నేస్తుంటే, అవతలి కొసన ఇంకొకరు కూర్చుని అంచు నాడె నడపాలి. ఆ ఇంకొకరు మా అమ్మ. వాళ్లిద్దరూ కూర్చుని కబుర్లు చెప్పుకున్నట్టు నాకు గుర్తులేదు. మగ్గం ముందు మాత్రం నాలుగు చేతులూ ఒకే లెక్కన ఆడేవి. బడి లేని రోజుల్లో నేను గడపలో కూర్చుని పల్లీలు నములుతూ అదే చూసేదాన్ని.

ఒక ఎండాకాలం పొద్దున నాయిన మగ్గం గుంటలో కాళ్లు పెట్టబోయి ఆగిపోయాడు. మగ్గం కింద మోకాళ్ల లోతు గుంట ఉంటుంది. నేసే మనిషి అందులోకి కాళ్లు వేలాడేసి కింది చెక్కలు తొక్కుతాడు. ఆ గుంట మూలన, తెగిన నూలుపోగుల కుప్ప మీద పిల్లి ఈనింది. మూడు కూనలు. పిల్లి ముసలిది, పైగా ఆ ఏడు బాగా బక్కచిక్కింది. కూనలకు తలకాయ తప్ప ఒళ్లే లేదు. అమ్మ పిడికిట్లో రెండు పట్టేవి. ఆకలేస్తే అరవడానికి కూడా వాటికి శక్తి లేదు.

"ఈపాలి కూనలు జర సన్నంగున్నయ్" అన్నాడు నాయిన.

"ఎండలల్ల ఈనింది గద. తల్లికి వెడితే పిల్లలకు వోతది" అని అవ్వ, బాలింతకు పెట్టినట్టు, పిల్లికి పాలల్లో నానేసిన రొట్టె, బెల్లం నీళ్లు పెట్టింది. పిల్లి పురుడు మగ్గానికి మంచిదని మా వాళ్ల నమ్మకం. నాయిన మగ్గం ఆపేశాడు. వీధి ఆడవాళ్లు తొంగిచూసి "మీ ఇంట్ల పురుడంట గద, కారం పెడుతున్నరా లేదా" అని నవ్విపోయారు. ఇల్లు పండుగలాగా ఉంది. ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు.

పిల్లి కూనలను వదిలి గుంట దాటి రావడం లేదు. ఎలుకలకు ఆడింది ఆట అయింది. ఒక పొద్దున చూస్తే పడుగు అంచున పట్టుపోగులు తెగి వేలాడుతున్నాయి. అవ్వ రాట్నం దగ్గర నుంచే అమ్మ మీద అరిచింది.

"ఓ పిల్లా, సూసుకుంట ఏం నిలవడ్డవ్? సంతల ఎలుకల మందు అమ్ముతరు గద. దెచ్చి రొట్టెల గలిపి వెట్టు."

"పిల్లి ఉన్నది గదా అత్తా" అంది అమ్మ.

"పిల్లి గుంటల ఉన్నది, మందు అటక మీద ఉంటది. నువ్వు నాకు నేర్పొద్దు. పడుగు ఖరాబైతె నీ తల్లిగారోళ్లు దెచ్చిస్తరా?"

తల్లిగారి మాట ఎత్తితే అమ్మ నోరు మూతపడుతుందని అవ్వకు బాగా తెలుసు. అమ్మ మందు తెచ్చి, రొట్టెలో కలిపి, నిచ్చెన వేసుకొని అటక మీద పెట్టి వచ్చింది. పెట్టొచ్చిన చేతులను ఎన్నోసార్లు కడుక్కుంది.

మందు తిన్న ఎలుక అటక మీదే చావాలని రాసిపెట్టి లేదు. తూలుకుంటూ గుంట దగ్గరికే వచ్చి పడింది. ఆకలి మీదున్న బాలింత పిల్లి, కాళ్ల దగ్గరికి వచ్చిన తిండిని వదులుతుందా? సాయంత్రం పెరట్లో బట్టలుతికే బండ పక్కన కాళ్లు చాపుకొని పడి ఉంది. మొదట చూసింది నేనే. నా అరుపుకు అమ్మ పరుగెత్తుకొచ్చి, పిల్లి నోటి దగ్గర నురగ చూసి, తన రెండు చేతులూ చూసుకుంది.

పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి కాశీలో దానమిస్తే గానీ పాపం పోదంటారు. మా వీధిలో ఆ మాటకు తిరుగులేదు. అవ్వ గుండెలు బాదుకుంది. "నా తల్లి అసుంటి పిల్లి" అని రాగం తీసింది. చచ్చినవాని కండ్లు చారెడన్నట్టు, ఈనకముందు పాలు తాగిందని చీపురుతో కొట్టిన పిల్లి ఆ సాయంత్రానికి దేవతయింది.

కులపెద్ద వచ్చాడు. ఆయనను మేం పెద్దయ్య అనేవాళ్లం. అరుగు మీద కూర్చుని చుట్ట ముట్టించుకొని, "మందు వెట్టింది ఎవ్వరు?" అని అడిగాడు.

"కోడలే" అంది అవ్వ.

అబద్ధం కాదు. కానీ సగం మాట. మిగతా సగం చెబుతుందేమోనని ఆమె మొహం చూశాను. చెప్పలేదు. నాయిన చెబుతాడేమోనని అటు చూశాను. ఆయన అరిగిపోయిన నాడె ఒకటి చేతుల్లో తిప్పుతూ నేల చూస్తున్నాడు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు అంతా పోయి తలుపు వెనకున్న అమ్మ మీద పడింది. పెట్టమన్న నోటికి పాపం లేదు, పెట్టిన చేతికే ఉంది. ఆ న్యాయం ఏమిటో నాకు ఈ వయసులోనూ మింగుడు పడదు.

"బంగారు పిల్లి మనతోని అయ్యే పని గాదు" అన్నాడు పెద్దయ్య. "గా కూనలు బతికి కండ్లు దెరిస్తె తల్లి పానం మల్ల వచ్చినట్టే. పాపం పోతది. గప్పటిదంక ఈ పిల్ల చేతి నీళ్లు ఎవ్వరు తాగొద్దు. పొయ్యి ముట్టొద్దు, మగ్గం ముట్టొద్దు."

"కూనలు సస్తే?" అని నాయిన అడిగాడు. అంతసేపట్లో ఆయన నోరు తెరిచింది ఆ ఒక్క మాటకే.

"సస్తే ఏముంది, ఈమెను తల్లిగారింటికి తోలుడే. పాపం ఇంట్ల వెట్టుకొని మగ్గం నడుపుతవా?"

నాకు అప్పటికి లోకం ఏమీ తెలియదు. ఒక్కటి మాత్రం తెలిసింది. గుంటలో ఉన్న ఆ మూడు ఎముకల మూటలు చస్తే మా అమ్మ ఇంట్లో ఉండదు.

అమ్మకు ఆ సాయంత్రం నుంచే వంటింటి గడప లోపల పని లేదు. పెరట్లో బండ పక్కన, చూరు కింద చాప వేసుకుంది. అవ్వ రొట్టెలు చేసి నాతో పంపేది, అమ్మ అక్కడే తినేది. పక్కన నూలుపోగులు పరిచిన బుట్టలో కూనలు. మగ్గం దగ్గర అమ్మ చోట నన్ను కూర్చోబెట్టారు. నేను వేసిన కుట్టు వదులుగా పడేది. నాయిన తిట్టేవాడు కాదు, విప్పి మళ్లీ వేయించేవాడు.

కూనలకు పాలు పట్టడం ఎవరికీ తెలియదు. వేలు ముంచి పెడితే నాకలేవు, గిన్నెలో పోస్తే ముక్కు మునిగి తుమ్ముతాయి. మా వీధి చివర మేకలు పెంచే ముస్లిం కుటుంబం ఉండేది. ఆ ఇంటామెను మేకల చిన్నమ్మ అని పిలిచేవాళ్లం. సంగతి విని, కొంగు కింద దాచుకొని ఒక గ్లాసు మేకపాలు తెచ్చింది. గ్లాసు దించి, ముందు అమ్మ చేతి నీళ్లు అడిగింది.

"నా చేతి నీళ్లు తాగొద్దన్నరు చెల్లె" అంది అమ్మ.

"మీ పెద్దయ్య నాకేం పెద్దయ్య గాదు. ఎండల వడి వచ్చిన, నీళ్లియ్యి."

అమ్మ ఇచ్చింది. చిన్నమ్మ గటగటా తాగి, నోరు తుడుచుకొని, కూనలను ఒడిలోకి తీసుకుంది. మేకపిల్లలను సాకిన చేయి ఆమెది. బోర్లా పడుకోబెట్టాలని, ఒళ్లు వెచ్చబడ్డాకే పాలు పట్టాలని ఆమె చెబితేనే తెలిసింది. "తల్లి నాకుతది గద, గట్ల తడిగుడ్డతోని ఎనక తుడువు. లేకుంటె ఒంటికి రెంటికి పోలేక సస్తయ్" అంది. నేను ముక్కు మూసుకుంటే నా నెత్తిన మొట్టి, "నువ్వు గూడ గట్లనే పెరిగినవ్" అని నవ్వింది. ఆ పెరట్లో అన్ని రోజుల్లో నవ్వు వినబడింది అప్పుడే.

పాలు పట్టే ఉపాయం మాత్రం అమ్మకే తోచింది. కండె లోపల బోలుగా ఉంటుంది. ఖాళీ కండె తీసుకొని, అందులోంచి మెత్తటి నూలును వత్తిలాగా దూర్చి కొస బయటికి వదిలింది. పైనుంచి కొద్దికొద్దిగా పాలు పోస్తే నూలు నాని కొసన చుక్క నిలిచేది. కూన ఆ కొసను నోట పట్టి, తల్లి రొమ్మే అనుకొని ముందుకాళ్లతో అమ్మ వేలిని పిసికేది. ఒకటి తాగేసరికి ఇంకొకటి చల్లబడేది, దాన్ని పొట్టకు హత్తుకుని వేడి చేసేసరికి మూడోది కదిలేది. అమ్మకు నిద్ర లేదు. కూర్చున్న చోటే గోడకు తల ఆనించి తూగేది.

బతుకుతున్నాయో లేదో తెలియాలంటే తూచాలంది అమ్మ. పట్టు తూచే చిన్న తక్కెడ ఇంట్లో ఉంది, అది అవ్వ కాపలాలో ఉంది. నేను అవ్వ నశ్యం డబ్బా దాచేసేదాన్ని. "నా డబ్బా యాడ సచ్చింది" అని ఆమె ఇల్లంతా తిట్టుకుంటూ తిరిగే సేపట్లో తక్కెడ పెరట్లోకి పోయి తిరిగొచ్చేది. ఒక పళ్లెంలో కూన, ఇంకో పళ్లెంలో నూలు చుట్టిన కండెలు. కూన ఎన్ని కండెలు తూగితే అంత. నిన్నటికంటే ఈరోజు ఒక కండె ఎక్కువ పడితే చాలని అమ్మ ఆశ. రోజూ అన్నే పడేవి. అన్నిటికంటే చిన్నదానికైతే ఒక కండె తీసేయాల్సి వచ్చింది.

ఒక మధ్యాహ్నం నాయిన పెరట్లోకి వచ్చాడు. పెద్దయ్య తీర్పు చెప్పాక ఆయన అమ్మ ఉన్నవైపు రావడం అదే మొదలు. బుట్టలోకి వంగి చూసి, "ఒట్టి పాలు నీళ్ల లెక్కనే గద. నూలుకు బలమిచ్చేది ఏంది? గంజే. జర గంజి గలిపి తాపు" అన్నాడు.

అమ్మ మొహం విప్పారింది. గంజి మాటకు కాదు, ఆయన వచ్చి మాట్లాడినందుకు. లోపలి నుంచి అవ్వ కూడా, "పడుగుకు కాసిన గంజి ఉన్నది, పైతేట దీస్కపో" అని నాకు గిన్నె అందించింది. వీధిలో అడిగినవాళ్లంతా మంచిదే అన్నారు. మరి మా వీధిలో నిలబడిన ప్రతిదీ గంజి మీదే నిలబడింది. పాలకంటే గంజిని నమ్మడం మాకు పుట్టుకతో వచ్చిన గుణం.

మర్నాడు తూస్తే కండె పెరిగింది. ఆ తర్వాత ఇంకా పెరిగింది. నేను వీధిలో గంతులేశాను. ఆ పూట అవ్వ పంపిన రొట్టె మీద వెన్న ఉంది. అమ్మ దాన్ని చాలాసేపు చూసి తిన్నది. అన్నిటికంటే చిన్న కూన మాత్రం గంజిని నోటి వెంట వదిలేస్తోంది. మింగే ఓపిక దానికి లేదు. "ఇది దక్కేటట్టు లేదు" అని అమ్మ దాని కోసం ఒట్టి పాలే తీసి ఉంచింది.

వెన్న తిన్న మర్నాడు పొద్దున ఒక పెద్ద కూన అమ్మ అరచేతిలోనే పోయింది. పొట్ట డప్పులాగా బిగిసి ఉంది. అమ్మ వేలితో ఆ పొట్టను నొక్కి చూసింది.

"గిది గంజి బరువు" అంది. "కూన బరువు గాదు."

నూలుకు గంజి దట్టంగా పట్టించి తూకం పెంచే మోసగాళ్లు మాకు తెలియనివాళ్లు కాదు. నూలు కొంటే నలిపి చూసి, దులిపి చూసి కొనేవాళ్లం. ఆ తెలివంతా నూలు దగ్గరే ఆగిపోయింది. సాయంత్రానికి రెండోదీ పోయింది. నాయిన గడ్డపార తెచ్చి పెరటి మూలన గుంట తవ్వాడు. అమ్మ రెండింటినీ ఒకే పాత గుడ్డలో చుట్టి ఇచ్చి, "నువ్వొచ్చి జెప్పినవ్ గదా అని తాపిన" అంది ఆయనతో. నిష్ఠూరంగా అనలేదు. ఆయన మన్ను కప్పి, చేతులు కడుక్కోకుండానే లోపలికి పోయాడు. ఆ రోజు మళ్లీ మగ్గం చప్పుడు వినబడలేదు.

మిగిలింది ఆ చిన్నది. గంజి మింగే శక్తి లేకపోవడమే దాన్ని కాపాడింది. మేకపాలతో కండె పెరగకుండా, అట్లా అని తగ్గకుండా నెట్టుకొస్తోంది. కానీ కళ్లు తెరవలేదు. పెద్దయ్య వీధిలో పోతూ పోతూ "కండ్లు వచ్చినయా?" అని అడిగి పోయేవాడు. అట్లా అడిగిన ప్రతిసారీ అమ్మ కూన రెప్పలను తడిగుడ్డతో ఒత్తేది. తల్లిగారింటికి తీసుకుపోవలసి వస్తే అని చీరలు రెండు మడిచి మూట కట్టడం నేను చూశాను.

పిల్లి తన కూనలను ఏడిళ్లు తిప్పుతుందంటారు. అవ్వ దానికి ఇంకో మాట కలిపింది. "ఏడిండ్లు దిరగంది కండ్లు రావు. తల్లుంటే నోట గరుసుకొని దిప్పుతుండె. ఇప్పుడు ఎవ్వరు దిప్పాల? సంపినోళ్లే దిప్పాల."

అమ్మ కూనను కొంగులో పొట్టకు ఆనించి కట్టుకొని, నన్ను వెంట రమ్మంది. వీధిలో గంజి పట్టించిన పడుగులు ఆరుతున్నాయి. అమ్మ వాటికి తన నీడ కూడా తగలకుండా గోడవారన నడిచింది.

మేకల చిన్నమ్మ మమ్మల్ని మంచం మీద కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. ఒకామె గడపకు చేయి అడ్డం పెట్టి, "కూన దిరిగితె సాలు గద, నువ్వెందుకు లోపలికి?" అని కూనను నా చేతికి ఇప్పించి, నన్ను ఇంట్లో ఒక చుట్టు తిప్పి పంపింది. ఇంకొకామె తలుపు తీయకుండా, కిటికీలోంచి కూన తల లోపలికి పెట్టించి సరేనంది. ఒక ఇంట్లో గిన్నెల చప్పుడు వినబడుతూనే ఉంది, ఎంత పిలిచినా పలకలేదు. ఏటా అమ్మ చేతనే మామిడికాయ తొక్కు పెట్టించుకునేవాళ్లు వాళ్లు. అమ్మ కొంగులో కూన ఊపిరి చూసుకొని, పక్కింటికి నడిచింది.

ఎట్లాగో ఆరిళ్లు అయ్యాయి. చివరికి పెద్దయ్య ఇంటి ముందు నిలబడ్డాం. ఆయన అరుగు మీదే ఉన్నాడు.

"పెద్దయ్యా, ఆరిండ్లు దిరిగిన. మీది ఏడోది" అంది అమ్మ.

"మా ఇంట్ల పెండ్లి వెట్టుకున్నం. గిసుంటిదాన్ని ఇంట్లకు ఎట్ల రానిస్తం? ఇంకోళ్లను అడుగు."

"తలుపు తీసెటోళ్లు ఇంకెవ్వరు లేరు పెద్దయ్యా."

పెద్దయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు. తీర్పు చెప్పడానికి ముందుకొచ్చిన మనిషికి తలుపు తీయడం చేతకాలేదు.

అమ్మ వెనక్కి తిరిగింది. పెరటి దారిన కాదు, మా ఇంటి వీధి గుమ్మానికే వచ్చింది. అవ్వ గడపకు అడ్డంగా రాట్నం వేసుకొని కండెలు చుడుతోంది. ఏం జరుగుతుందో చూద్దామని వీధి ఆడవాళ్లంతా మా వెనకాలే వచ్చారు. తలుపు తీయనివాళ్లు కూడా వచ్చారు.

"అత్తా, లెవ్వు. ఏడో ఇల్లు గిదే" అంది అమ్మ.

"గిది దాని ఇల్లే గద. దిరిగినట్టు ఎట్లయితది?"

"దాన్ని, నన్ను పెరట్లకు ఎల్లగొట్టినంక గిది మా ఇల్లు ఎట్లయితది?" అమ్మ గొంతు పెంచలేదు. కానీ వీధంతా విన్నది. "మందు వెట్టుమన్నది నువ్వు. వెట్టింది నేను. నా చేతికి అంటిన పాపం నీ నోటికి గూడ అంటాల. గీ కూనను నువ్వు వట్టు. ఇద్దరం గలిసి లోపలికి దీస్కపోదం."

అవ్వ ఇంకో కండె అందుకుంది. అంతలో లోపలి నుంచి నాయిన వచ్చాడు. వంగి, రాట్నాన్ని గడప మీది నుంచి పక్కకు జరిపాడు. అమ్మ కోసం ఆయన చేసిన అతి పెద్ద పని బహుశా అదే.

అవ్వ లేచి చేతులు చాచింది. కూనను అందుకొని, వేలితో దాని వెన్నెముక తడిమింది. "ఎంత సన్నంగున్నదే" అంది, ఎవరితోనో కాదు, తనలో తనే. దాన్ని రొమ్ముకు పట్టుకొని లోపలికి నడిచింది. వెనక అమ్మ నడిచింది.

కూన కళ్లు తెరిచింది. మొదట ఒక కన్ను, మర్నాడు రెండోది. బూడిద కలిసిన నీలం. వీధంతా వచ్చి చూసింది. పెద్దయ్య కూడా వచ్చి, తన మాట వల్లే అంతా మంచి జరిగిందని చెప్పి పోయాడు. అవ్వ వీధి తలుపు బార్లా తెరిపించి, అందరూ వింటుండగా, "ఓ పిల్లా, నీళ్లియ్యి" అంది. అమ్మ చెంబుతో ఇచ్చింది. అవ్వ చెంబు దించకుండా తాగింది. తప్పయిందని ఒక మనిషి ముందు ఒప్పుకునే జన్మ కాదు మా అవ్వది. ఆ చెంబెడు నీళ్లే ఆమెకు చేతనైంది.

పిల్లికూనలు పుట్టిన వారం పది రోజులకు, బలహీనంగా ఉంటే ఇంకో నాలుగు రోజులకు, వాటంతటవే కళ్లు తెరుస్తాయట. నిన్న మనవరాలు ఫోనులో చదివి చెప్పింది. ఏడిళ్లు అక్కర్లేదు, ఏమీ అక్కర్లేదు. ఒళ్లు వెచ్చగా ఉండి కడుపులో పాలు పడితే చాలట. విని నాకు ఒళ్లు మండింది. ఎవరి మీద మండాలో తెలియక, చింతపండు బాగా ఎండలేదని మా అమ్మాయి మీద అరిచాను.

ఆ కూన పెరిగి మంచి వేటపిల్లి అయింది. అమ్మ మగ్గం దగ్గర తన చోటికి వచ్చింది, కుట్టు మళ్లీ గట్టిగా పడింది. చూసేవాళ్లకు మా ఇంట్లో ఏ లోటూ లేదు. అవ్వ మంచాన పడ్డాక ఏడాది పొడుగునా నోట్లో ముద్ద పెట్టి, ఒళ్లు తుడిచి చూసుకుంది అమ్మే. అవ్వ చివరి గుక్క నీళ్లు కూడా ఆ చేతి మీదుగానే తాగింది.

కానీ అమ్మ మళ్లీ ఇంట్లో కూర్చుని అన్నం తినలేదు. అందరికీ వడ్డించి, తన కంచం తీసుకొని పెరట్లో ఆ బండ పక్కకు పోయేది. వానాకాలంలో చూరు కిందికి జరిగేది. నాయిన ఒకటి రెండుసార్లు పిలిచి ఊరుకున్నాడు. పెళ్లయ్యాక నేనొకసారి పుట్టింటికి పోయినప్పుడు, ఎండలో అట్లా ఒక్కతే కూర్చుని రొట్టె తింటోంది. పిల్లి కాళ్ల దగ్గర పడుకుంది. నేను పోయి పక్కన కూర్చున్నాను.

"అమ్మా, అందరు లోపల తింటుంటె నువ్వొక్కదానివి గీడ ఎందుకే?"

"అలవాటైంది బిడ్డా" అంది. రొట్టె తుంచి పిల్లికి ఒక ముక్క వేసింది. అది తినేదాకా చూసి, "గీడ గూసుంటె ఎవ్వరు లెవ్వుమనరు" అంది.